రాయి పేరు చెప్పే సాఫ్ట్‌వేర్

రిఫ్రాక్టోమీటర్ చూపిన అంకె, నీటిలో తూచి లెక్కగట్టిన సాంద్రత, పోలరిస్కోప్ కింద తిప్పినప్పుడు రాయి వెలిగి ఆరిన తీరు. ఈ మూడూ ఇస్తే కంప్యూటర్ రాయి పేరు చెప్పేస్తుందా? ప్రశ్న కొత్తదేమీ కాదు. ఇళ్లలోకి కంప్యూటర్లు అడుగుపెట్టిన 1980లలోనే బ్రిటిష్ రత్నశాస్త్ర నిపుణుడు పీటర్ రీడ్ ‘జెమ్‌డేటా’ అనే ప్రోగ్రాం తయారుచేశారు. ఆయన ‘జెమాలజీ’ పాఠ్యపుస్తకంతో చదువుకున్నవాళ్లకు ఆ పేరు తెలిసే ఉంటుంది. ఆ తరవాత అలాంటివి చాలా వచ్చాయి. ఇప్పుడు ఫోన్లోనూ దొరుకుతున్నాయి. దాదాపు నలభై ఏళ్ల అనుభవం పోగుపడింది కాబట్టి ఇవి ఏం చేయగలవు, ఏం చేయలేవు, చేయలేని చోట లోపం ప్రోగ్రాందా, కొలిచిన చేతిదా, అడిగిన ప్రశ్నదా అని తేల్చుకునే వీలుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ సాఫ్ట్‌వేర్ చేసే పనుల్లో పేరు చెప్పడం అన్నిటికన్నా తక్కువ విలువైనది. ఏవి కావో కొట్టేసి, మిగిలినవాటిని విడదీయడానికి ఇంకే పరీక్ష చేయాలో చెప్పగలిగితే అదీ దాని ఉపయోగం. ఒక్క పేరు తెర మీద పెద్ద అక్షరాలతో చూపించి ఊరుకునే ప్రోగ్రాం ఎంత ఖరీదైనదైనా నాకు దాని మీద గురి కుదరదు.

అంకెలతో రాయిని పట్టుకోవచ్చనే ధీమాకు గట్టి ఆధారమే ఉంది. ఖనిజంలో ఏ మూలకాలున్నాయి, అవి ఏ అమరికలో కూర్చున్నాయి అన్నదాన్ని బట్టే దాని సాంద్రత, అందులో కాంతి వంగే తీరు నిర్ణయమవుతాయి. కెంపుకి వక్రీభవన గుణకం 1.762 నుంచి 1.770, సాంద్రత 4.00. ఎర్ర స్పినెల్‌కి గుణకం 1.718, సాంద్రత 3.60. కంటికి రెండూ ఒకే ఎరుపు. బ్రిటిష్ రాజకిరీటంలోని ‘బ్లాక్ ప్రిన్స్ రూబీ’ శతాబ్దాల తరబడి కెంపుగానే చలామణీ అయింది, అది స్పినెల్. వరాహమిహిరుడి బృహత్సంహిత నుంచి బుద్ధభట్టుడి రత్నపరీక్ష దాకా మన శాస్త్రాలు రంగు, కాంతి, బరువు, దోషాలు చూసి రాయి మంచిచెడ్డలు చెప్పాయి. కొలిచి చెప్పే పద్ధతి 20వ శతాబ్దం తొలి దశకంలో లండన్‌లో హెర్బర్ట్ స్మిత్ రూపొందించిన చేతి రిఫ్రాక్టోమీటర్‌తో వర్తకుల దాకా వచ్చింది. తరవాతి తరంలో బాసిల్ ఆండర్సన్ దాన్ని రోజువారీ పరీక్షగా నిలబెట్టారు. సాఫ్ట్‌వేర్ చేసిందల్లా ఆండర్సన్, వెబ్‌స్టర్ వంటివాళ్లు పుస్తకాల వెనక అచ్చువేసిన పట్టికల్ని తనలో దాచుకుని, వేలితో వెతికే శ్రమ తప్పించడమే. మొదటి ప్రోగ్రాములకైతే ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది.

వాటి పద్ధతి జల్లెడ పద్ధతి. ప్రతి రాయికీ ప్రతి లక్షణానికీ కనిష్ఠ, గరిష్ఠ విలువలుంటాయి. మీరిచ్చిన అంకె ఆ హద్దుల్లో పడని రాళ్లు జారిపోతాయి, పడినవి మిగులుతాయి. చాలా రాళ్ల విషయంలో ఇది చక్కగా పనిచేస్తుంది. 1.544, 1.553 అని రెండు అంకెలు స్పష్టంగా వస్తే అది క్వార్ట్జ్ కుటుంబమని చెప్పడానికి అనుభవం అక్కర్లేదు. పుష్యరాగం పేరుతో అంటగట్టిన సిట్రిన్‌ని పట్టుకోవడానికి ఆ ఒక్క కొలత చాలు. అసలు పుష్యరాగం, అంటే పసుపు నీలమైతే కెంపు అంకెలే చూపించాలి, రెండూ కొరండం అనే ఒకే ఖనిజం కాబట్టి.

చిక్కంతా 1.61 నుంచి 1.65 మధ్య ఉన్న ఇరుకు సందులో వస్తుంది. టోపాజ్, టూర్మలిన్, ఆపటైట్, ఆండలుసైట్, డాన్‌బురైట్ అన్నీ అక్కడే గుమిగూడి ఉంటాయి. గాజు కూడా అక్కడికి రాగలదు. 1.63 అని ఒక్క అంకె ఇచ్చి ఏ రాయో చెప్పమంటే ఏ ప్రోగ్రామైనా ఈ జాబితా మొత్తం చూపించాలి. చూపించకపోతే మనకేదో దాచిందని అర్థం. వీటిని విడదీసేది ద్వివక్రీభవనం, అంటే రాయిలోకి వెళ్లిన కాంతి రెండుగా చీలినప్పుడు ఆ రెండు గుణకాల మధ్య ఉండే తేడా. టూర్మలిన్‌లో అది 0.018 నుంచి 0.020, టోపాజ్‌లో 0.008 నుంచి 0.010, ఆపటైట్‌లో 0.002 నుంచి 0.004. గాజులో తేడా ఉండదు. డాన్‌బురైట్, టోపాజ్ దగ్గర దగ్గరగా వచ్చినా సాంద్రత దగ్గర విడిపోతాయి: ఒకటి 3.00, మరొకటి 3.53.

అయితే ఆ తేడాని కొలవడానికి రాయిని రిఫ్రాక్టోమీటర్ గాజు మీద కొంచెం కొంచెంగా తిప్పుతూ, పోలరాయిడ్ పలకను అటూ ఇటూ మారుస్తూ, కనిపించిన అన్ని అంకెల్లో అతి పెద్దది, అతి చిన్నది పట్టుకోవాలి. నేర్చుకుంటున్నవాళ్లు తరచూ ఒక్క స్థానంలో చూసి, ఒకటే నీడగీత కనబడితే ఏకవక్రీభవనం అని టిక్కు పెట్టేస్తారు. అప్పుడు జల్లెడ అసలు రాయినే బయటికి తోసేస్తుంది. జల్లెడ పద్ధతిలోని పెద్ద బలహీనత ఇదే. ఒక్క తప్పు కొలత చాలు, సరైన సమాధానం జాబితాలో ఉండనే ఉండదు. పైగా తప్పు జరిగిందన్న సూచన కూడా రాదు. తెర మీద మిగిలిన పేర్లన్నీ నిబ్బరంగానే కనిపిస్తాయి.

సాంద్రత సంగతి ఇంకా నిలిచి చూడాల్సింది, ఎందుకంటే ఇక్కడ దోషం ఎంతో చేత్తో లెక్కగట్టవచ్చు. గాలిలో బరువుని, నీటిలో తగ్గిన బరువుతో భాగిస్తే సాంద్రత. ఒక క్యారెట్, అంటే 0.2 గ్రాముల కెంపు నీటిలో పావు క్యారెట్ తగ్గాలి. తక్కెడ క్యారెట్‌లో నూరో వంతు దాకా చూపిస్తుందనుకుందాం. తగ్గుదల 0.25కి బదులు 0.24 అని చూపిస్తే సాంద్రత 4.17 అవుతుంది, 0.26 అని చూపిస్తే 3.85 అవుతుంది. ఈ సందులో అల్మండైన్ గార్నెట్ హాయిగా కూర్చుంటుంది. అరక్యారెట్ రాయైతే అదే పొరపాటుకి 3.70 నుంచి 4.35 దాకా ఏదైనా రావచ్చు, క్రిసోబెరిల్ కూడా లోపలికి వచ్చేస్తుంది. అదే అయిదు క్యారెట్ల రాయికైతే 3.97 నుంచి 4.03 మాత్రమే. రాయికి అంటుకున్న చిన్న గాలిబుడగ కూడా సాంద్రతను తగ్గించి చూపిస్తుంది. అందుకే అనుభవజ్ఞులు నీటిలో ఒక చుక్క సబ్బుద్రవం కలుపుతారు.

దీన్నిబట్టి ఒక ప్రోగ్రాం మంచిదో కాదో కనిపెట్టే సులువైన పరీక్ష ఒకటుంది. సాంద్రత అడిగేటప్పుడు రాయి బరువు కూడా అడుగుతుందా? అడిగితే హద్దుల్ని బరువును బట్టి సడలించడమో బిగించడమో చేయగలదు. బరువు అడగకుండా, అన్ని రాళ్లకీ ఒకే సహనపరిమితి పెట్టే ప్రోగ్రాం పెద్ద రాళ్ల విషయంలో అతిగా ఉదారంగా, చిన్న రాళ్ల విషయంలో అతిగా కఠినంగా ప్రవర్తిస్తుంది. మన దగ్గర నగల్లో పొదిగేవి చాలామటుకు చిన్న రాళ్లే కావడం గమనించాలి. అడుగు మూసి పొదిగిన నగల్లో రాయిని విప్పకుండా సాంద్రత కొలవనే కొలవలేం. అప్పుడు ఆ గడి ఖాళీగా వదిలేయనివ్వాలి, సున్నాగా లెక్కించకూడదు.

గుబ్బగా కోసిన రాళ్లది మరో తంటా. చదునైన ముఖం లేనందున రిఫ్రాక్టోమీటర్ మీద బొట్టు పద్ధతిలో, కాస్త దూరం నుంచి చూసి, రెండు దశాంశాల దాకా మాత్రమే చెప్పగలం. ద్వివక్రీభవనం సంగతి మరిచిపోవాల్సిందే. అయినా వైడూర్యం కొనేవాళ్లకి ఇది చాలు. అసలు వైడూర్యం, అంటే క్రిసోబెరిల్, 1.75 దగ్గర వస్తుంది. దాని పేరుతో అమ్మే క్వార్ట్జ్ పిల్లికన్ను 1.54 దగ్గర ఆగిపోతుంది. ఇంత దూరం ఉన్నప్పుడు మూడో దశాంశం ఎవరిక్కావాలి? కొలత ఎంత సూక్ష్మంగా ఉండాలన్నది ఎదురుగా ఉన్న అనుమానితులను బట్టి మారుతుంది. ఈ సంగతి మనుషులకి తడుతుంది గాని పాత ప్రోగ్రాములకి తట్టదు.

జల్లెడ తరవాతి మెట్టు సంభావ్యత. అంకె హద్దుల్లో ఉందా లేదా అని కాక, ప్రతి రాయికీ ఈ అంకె వచ్చే అవకాశం ఎంత అని లెక్కగట్టి, అన్ని కొలతల్నీ గుణించి, వరసపెట్టి చూపించడం. సరైన రాయిని ఒక్క కొలత తప్పినా పూర్తిగా తోసెయ్యదు, కిందికి దించుతుంది. నిస్సందేహంగా ఇది మెరుగు. కానీ ఇందులో రెండు గుంటలున్నాయి.

మొదటిది, గుణించేటప్పుడు కొలతలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివని అనుకోవడం. నిజానికి దట్టమైన ఖనిజాల్లో కాంతి ఎక్కువగా వంగుతుంది. గ్లాడ్‌స్టోన్, డేల్ అనే శాస్త్రవేత్తలు 19వ శతాబ్దంలోనే ఈ సంబంధాన్ని సూత్రంగా చెప్పారు. గార్నెట్ కుటుంబంలో పైరోప్ నుంచి అల్మండైన్ వైపు జరిగేకొద్దీ గుణకం, సాంద్రత జంటగా పెరుగుతాయి. గుణకం చూశాక సాంద్రత కొత్తగా చెప్పేది తక్కువే. రెండిటినీ వేరువేరు సాక్ష్యాలుగా లెక్కేస్తే ప్రోగ్రాంకి లేని ధైర్యం వస్తుంది. పైగా గార్నెట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయే మిశ్రమాలు. 1.75 దగ్గర ఉన్న ఎర్ర గార్నెట్‌కి ఒక్క పేరు పెట్టడం ప్రకృతి చేసిన విభజన కాదు, మనం పెట్టుకున్న ఒప్పందం.

రెండోది ముందస్తు అంచనా. ఏ రాయి ఎంత తరచుగా ఎదురవుతుందన్న సంగతి లెక్కలోకి రావాలా వద్దా? రావాలి. కానీ ఎక్కడి లెక్క? కర్నూలు జిల్లాలో తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలాల్లో వజ్రాల కోసం జనం వంగి వెతుకుతారు. అక్కడ దొరికిన మెరిసే రాయి చాలామటుకు క్వార్ట్జ్. సాంద్రత తూస్తే 2.65 వచ్చి తేలిపోతుంది, వజ్రమైతే 3.52 రావాలి. అయితే టోపాజ్ సాంద్రత 3.53! తక్కెడ ఒక్కటే నమ్ముకున్నవాడు ఇక్కడ దెబ్బతింటాడు. గరుకు రాయి మీద రిఫ్రాక్టోమీటర్ పనిచేయదు, సానపట్టినా దాని హద్దు 1.81 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి 2.42 ఉన్న వజ్రాన్ని చూపించలేదు. పొలంలో అక్కరకొచ్చేది ఉష్ణవాహకతను కొలిచే చిన్న పరికరం. వజ్రం వేడిని లాగేసుకున్నట్టు క్వార్ట్జ్ గాని టోపాజ్ గాని లాగలేవు. అదే పరికరాన్ని నగల దుకాణంలో నమ్మలేం. 1990ల చివర బజారుకెక్కిన మోయిసనైట్ దానికి వజ్రంలాగే కనిపిస్తుంది, కర్మాగారంలో పెంచిన వజ్రం వజ్రమే కాబట్టి అలాగే చూపిస్తుంది. పొలంలో ఈ రెండూ మొలకెత్తవు. ఒకే పరికరం, ఒకే అంకె, చోటు మారితే అర్థం మారిపోయింది. కాబట్టి రాయి ఎక్కడి నుంచి వచ్చిందని అడగని ప్రోగ్రాం ఇచ్చే శాతాలను నేను పట్టించుకోను.

అరుదైన రాళ్లను మరీ అణగదొక్కినా ప్రమాదమే. 1945లో డబ్లిన్‌లో రిచర్డ్ టాఫే అనే రత్నప్రియుడు పాత నగల నుంచి ఊడదీసిన రాళ్ల కుప్పలో లేత ఊదారంగు రాయొకటి చూశారు. గుణకం, సాంద్రత స్పినెల్‌కి దగ్గరగానే ఉన్నాయి. కానీ భూతద్దంలో దాని లోపలి నలుసులు, అవతలి అంచులు జంటగా కనిపించాయి. స్పినెల్‌లో కాంతి చీలదు, అలా కనిపించడానికి వీల్లేదు. దాన్ని లండన్‌లో ఆండర్సన్‌కి పంపారు. చివరికి అది ఎవరూ ఎరగని ఖనిజమని తేలింది. సానపట్టిన రత్నంగా ముందు దొరికి, ఆ తరవాతే ఖనిజంగా గుర్తింపు పొందిన రాయిగా టాఫైట్ చరిత్రకెక్కింది. సంభావ్యతల ప్రోగ్రాం ఆనాడే ఉండి ఉంటే ‘స్పినెల్’ అని మొదటి వరసలో చూపించేది. టాఫే చేసింది ఒక్క పొసగని సాక్ష్యాన్ని పక్కన పెట్టకపోవడం. ఇప్పుడు టాఫైట్ కూడా పట్టికల్లో చేరింది. దాని దగ్గరి చుట్టం మస్‌గ్రవైట్‌ని దాని నుంచి ఈ మామూలు అంకెలతో విడదీయలేం, రామన్ వర్ణపటమో ఎక్స్‌రే పరీక్షో కావాలి. ‘నాకు తెలిసినవాటిలో ఏదీ సరిపోలేదు’ అని చెప్పగలిగే ప్రోగ్రాం అరుదుగా కనిపిస్తుంది. అలా చెప్పడాన్ని వైఫల్యంగా కాక ఫలితంగా భావించే తయారీదారు ఇంకా అరుదు.

పట్టికలో ఏముంది, ఏం లేదు అన్నది లెక్క ఎలా చేస్తుందన్న దానికన్నా ముఖ్యమైన ప్రశ్న. చాలా ఉచిత ప్రోగ్రాములు ఖనిజశాస్త్ర పట్టికల నుంచి సమాచారం తెచ్చుకుంటాయి. ఖనిజశాస్త్రజ్ఞులకి ప్రకృతిలో పుట్టినవే కావాలి. బజారులో దొరికేవాటిలో గాజు, ప్లాస్టిక్, క్యూబిక్ జిర్కోనియా, కొన్నాళ్లు వజ్రానికి బదులు చలామణీ అయిన యాగ్, జీజీజీ వంటి కృత్రిమ స్ఫటికాలు కూడా ఉంటాయి. అవి లేని పట్టిక ఇచ్చే సమాధానం ఎంత అందంగా ఉన్నా అర్ధసత్యమే. ఇక రెండు ముక్కలు అతికించిన రాళ్లున్నాయి. పైన పల్చటి గార్నెట్ పలక, కింద రంగుగాజు. రిఫ్రాక్టోమీటర్ పైభాగాన్నే చూస్తుంది కనుక గార్నెట్ అంటుంది, తక్కెడ మొత్తాన్ని తూస్తుంది కనుక వేరే మాట చెబుతుంది. ఏ రాయీ సరిపోలనప్పుడు ‘అతుకు ఉందేమో పక్కనుంచి చూడండి’ అని సలహా ఇవ్వడం ప్రోగ్రాంకి రెండు లైన్ల పని.

ఇంతదాకా మాట్లాడింది జాతి గురించి: కెంపా, స్పినెలా, గాజా? కొనేవాడు ఇవాళ అడిగేది అది కాదు. సహజమా, తయారుచేసిందా? వేడిచేశారా? ఏ దేశం నుంచి వచ్చింది? ధరల్లో తేడా అంతా ఈ మూడు ప్రశ్నల దగ్గరే ఉంది. మామూలు అంకెలు చేతులెత్తేసేదీ ఇక్కడే.

ఫ్రాన్స్‌లో వెర్నూయి అనే రసాయన శాస్త్రవేత్త మంటలో పొడిని కరిగించి కెంపు తయారుచేసే పద్ధతిని 1902లో ప్రకటించారు. అందులో ఉన్నది కొరండమే. గుణకం, సాంద్రత, కాఠిన్యం, ఎర్రటి వర్ణపటం అన్నీ సహజ కెంపువే. ప్రోగ్రాం ఎంత గొప్పదైనా ఆ అంకెల నుంచి ‘కొరండం’ కన్నా ముందుకెళ్లలేదు. తేడా చెప్పేవి సూక్ష్మదర్శినిలో కనిపించే వంపు తిరిగిన పెరుగుదల చారలు, గాలిబుడగలు. కొన్ని రాళ్లలో మాత్రం అంకెలే రహస్యం బయటపెడతాయి. మంటలో చేసిన స్పినెల్ 1.728 చూపిస్తుంది, సహజమైనది 1.718. తొలినాటి కృత్రిమ మరకతాలు కొన్ని సహజమైనవాటికన్నా కొంచెం తక్కువ గుణకం, తక్కువ సాంద్రత చూపేవి. నీటి ఆవిరి ఒత్తిడిలో పెంచే రకాలు వచ్చాక ఆ ఆధారమూ చెదిరిపోయింది.

వేడి సంగతి మరీ కష్టం. 2001, 2002 సంవత్సరాల్లో థాయ్‌లాండ్ నుంచి నారింజ ఛాయ నీలాలు వెల్లువగా వచ్చాయి. కొంతకాలానికిగాని అవి వేడిలో బెరీలియంని లోపలికి చొప్పించి రంగు మార్చిన రాళ్లని తేలలేదు. బెరీలియం అంత తేలిక మూలకం కాబట్టి మామూలు ఎక్స్‌రే పరికరాలకు అందదు. లేజర్‌తో రాయి అంచున కంటికి కనిపించనంత గుంట పెట్టి, ఎగిరిన పొడిని మాస్ స్పెక్ట్రోమీటర్‌లో కొలవాల్సి వచ్చింది. సీసపు గాజు నింపిన కెంపులు 2004 ప్రాంతాల నుంచి వచ్చాయి. వాటికి రిఫ్రాక్టోమీటర్ మీద కొరండం అంకె వస్తుంది. భూతద్దంలో బుడగలు, పగుళ్ల లోపల నీలి మెరుపులు చూస్తేగాని గుట్టు తెలియదు. కొన్ని ప్రోగ్రాములు ‘వంపు చారలున్నాయా? అవును/కాదు’ అని అడుగుతాయి. బాగానే ఉంది గాని, ఆ చారల్ని చూడగలిగిన కంటికి ఆ ప్రోగ్రాం అవసరం దాదాపు ఉండదు.

అందుకే పెద్ద లాబొరేటరీలు ఈ మామూలు అంకెలు వదిలి వర్ణపటాల వైపు మళ్లాయి. ఇక్కడ సాఫ్ట్‌వేర్ పాత్ర మారిపోతుంది. మనిషి చదవలేని వేల బిందువుల గీతని దాచిపెట్టిన గీతలతో పోల్చి చూడటం యంత్రానికే సాధ్యం. 1928లో సి.వి. రామన్ కలకత్తాలో కనిపెట్టిన ప్రభావం, అంటే పదార్థం మీద పడి చెదిరిన కాంతి రంగు కొద్దిగా మారడం, ఇవాళ చేతిలో పట్టే పరికరంగా మారి రత్న పరీక్షాశాలల్లో కూర్చుంది. అమెరికాలో అరిజోనా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డౌన్స్ బృందం నడిపిన ‘రఫ్’ అనే ఉచిత భాండాగారంలో వేల ఖనిజాల రామన్ వర్ణపటాలున్నాయి. వాటితో పోల్చే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. నగలో పొదిగిన రాయిని విప్పకుండా, గీకకుండా క్షణాల్లో జాతి తేల్చగలగడం చిన్న విషయం కాదు. నేను పైన ఏకరువు పెట్టిన 1.61–1.65 ఇరుకు సందు సమస్య రామన్ ముందు లేనే లేదు.

అయితే ఆ తెర మీద వచ్చే ‘92’ వంటి అంకెని అపార్థం చేసుకునేవాళ్లు ఎక్కువ. అది రెండు గీతల ఆకారాలు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే కొలత, రాయి అదే అయ్యే అవకాశం నూటికి 92 అని కాదు. స్ఫటికాన్ని ఏ దిశలో పెట్టామన్న దాన్ని బట్టి శిఖరాల ఎత్తులు మారతాయి. సరైన రాయికే తక్కువ అంకె రావచ్చు. ఎర్ర కెంపు మీద పచ్చ లేజర్ వేస్తే దాని ప్రతిదీప్తి రామన్ సంకేతాన్ని ముంచెత్తుతుంది. అప్పుడు ఆ ప్రతిదీప్తిలోని 694 నానోమీటర్ల జంటగీతలే క్రోమియం ఉన్న కొరండం అని చెబుతాయి. అది కూడా అనుభవం ఉన్నవాళ్లకి.

వజ్రాల విషయంలో యంత్రం చెప్పే జవాబులో నాకు నచ్చిన నిజాయితీ ఒకటుంది. డీబీర్స్ తయారుచేసిన డైమండ్‌ష్యూర్ వంటి పరికరాలు అత్యధిక సహజ వజ్రాల్లో నత్రజని వల్ల కనిపించే 415.5 నానోమీటర్ల గీత కోసం చూస్తాయి. ఉంటే సహజమని దాటిస్తాయి. లేకపోతే ‘కృత్రిమం’ అనవు, ‘ఇంకా పరీక్షించండి’ అంటాయి. ఎందుకంటే నత్రజని దాదాపు లేని టైప్ టూ-ఏ వజ్రాలు ప్రకృతిలో నూటికి ఒకటి రెండు ఉన్నాయి. వాయువు నుంచి పొరపొరగా పెంచే సీవీడీ పద్ధతిలో తయారైనవి ఎక్కువగా ఆ రకమే. కృష్ణా తీరాన కొల్లూరు వంటి గోల్కొండ గనుల నుంచి వెళ్లిన పేరుమోసిన వజ్రాల్లో చాలా ఆ రకమే, కోహినూర్ సహా. నిన్న రియాక్టర్‌లో పెరిగిన వజ్రం, శతాబ్దాల కిందట తెలుగు నేల మీద దొరికిన వజ్రం ఈ మొదటి గడప దగ్గర ఒకే వరసలో నిలబడాల్సిందే.

నేర్చుకునే యంత్రాల దగ్గరికి వచ్చేసరికి ఉత్సాహాన్నీ అనుమానాన్నీ వేరువేరుగా పెట్టుకోవాలి. అమెరికా రత్నశాస్త్ర సంస్థ జీఐఏ, ఐబీఎం 2020లో ప్రకటించిన, యంత్రంతో చేసే వజ్రాల స్వచ్ఛత శ్రేణి నిర్ణయం నాకు నమ్మదగినదిగా కనిపిస్తుంది. నిపుణులు శ్రేణి ఇచ్చిన వజ్రాల బొమ్మలు వాళ్ల దగ్గర కుప్పలుగా ఉన్నాయి, యంత్రం నేర్చుకోవాల్సింది ఆ నిపుణుల అలవాటునే. పుట్టిన చోటు చెప్పడం అలాంటిది కాదు. స్విట్జర్లాండ్‌లో గ్యూబెలిన్ లాబొరేటరీ ‘జెమ్‌టెలిజెన్స్’ పేరుతో అనేక పరికరాల నుంచి వచ్చే సమాచారాన్ని కలిపి, పుట్టిన చోటు, వేడిచేసిన సంగతి చెప్పే వ్యవస్థను రూపొందించింది. దాని బలం అల్గారిదం కన్నా ఆ సంస్థ దశాబ్దాలుగా కూడబెట్టిన నమూనా రాళ్లలో ఉందని నా నమ్మకం. గని దగ్గరికెళ్లి, తవ్వుతుండగా చూసి తెచ్చిన రాయికే ‘ఇది ఫలానా చోటిది’ అని ముద్ర వేయగలం. దళారి చెప్పిన చిరునామాతో నేర్పిన యంత్రం దళారి అబద్ధాలనే నేర్చుకుంటుంది. పైగా శ్రీలంక, మడగాస్కర్ నీలాలు చాలా లక్షణాల్లో ఒకదాని మీదికి ఒకటి వచ్చేస్తాయి. 2009లో మొజాంబిక్‌లో మాంటెప్యూజ్ కెంపులు బయటపడినట్టు రేపు ఇంకో గని బయటపడితే, దాన్ని ఎన్నడూ చూడని యంత్రం తనకు తెలిసిన ఏదో ఒక గడిలో దాన్ని కుక్కేస్తుంది. టాఫైట్ దగ్గర ఎదురైన సమస్యే ఇక్కడ మరో అంతస్తులో నిలబడి ఉంది.

ఫోన్ కెమెరాతో ఫొటో తీస్తే రాయి పేరు చెబుతామనే యాప్‌ల గురించి ఒక్క వాక్యం చాలు: ఎర్రరంగు ఫొటోలో కెంపు, స్పినెల్, గార్నెట్, గాజు మధ్య తేడా చూపే సమాచారమే లేదు.

కొలతల్ని పోల్చి పుట్టిన చోటు పట్టుకోవడం ఎంత బాగా కుదరగలదో మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో దొరికిన ప్రాచీన గార్నెట్లను, తెలంగాణలో ఖమ్మం ప్రాంతపు గరీబ్‌పేట గార్నెట్లను పోల్చిన పరిశోధన 2017లో ‘జర్నల్ ఆఫ్ జెమాలజీ’లో వచ్చింది. రసాయన కూర్పు, స్ఫటికం నడిబొడ్డు నుంచి అంచు దాకా ఆ కూర్పు మారే తీరు, లోపల చిక్కుకున్న సిల్లిమనైట్ సూదులు కలిపి చూసి, రెండూ ఒకటేనని చెప్పగలిగారు. గుణకం, సాంద్రత మాత్రమే చూసి ఉంటే ‘అల్మండైన్’ దగ్గరే ఆగిపోయేవాళ్లు. ఇక్కడ సాయం చేసింది కొలతల సంఖ్య కాదు. ఆ కొలతలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావడం.

నర్సీపట్నం వైపు కొండల్లో రంగురాళ్ల పేరుతో తవ్వే క్రిసోబెరిల్, అలెగ్జాండ్రైట్‌ల మీద అలాంటి పని జరిగితే బాగుండును. 1.746 నుంచి 1.755 అని రిఫ్రాక్టోమీటర్ చెబుతుంది, పగటి వెలుగులో పచ్చగా బల్బు వెలుగులో ఎర్రగా మారడం కన్ను చెబుతుంది. కృత్రిమ అలెగ్జాండ్రైట్ కూడా ఈ రెండూ చూపిస్తుంది. చిన్న పట్టణంలోని వర్తకుడికి సూక్ష్మదర్శిని, పెద్ద రాయైతే పరారుణ వర్ణపటం ఉన్న లాబొరేటరీ తప్ప దారి లేదు. అతని కంప్యూటర్‌లోని ఉచిత ప్రోగ్రాం ఆ దారి దాకా తీసుకెళ్తే తన పని పూర్తి చేసినట్టే.

ఇక ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక చిన్న సదుపాయం ఉంది: కొలిచిన అంకెల్ని భద్రపరచడం. చాలా ప్రోగ్రాములు తేల్చిన పేరును భద్రపరుస్తాయి గాని మనం ఇచ్చిన అంకెల్ని భద్రపరచవు. 1952 వరకూ శ్రీలంక నుంచి వచ్చే గోధుమరంగు రాళ్లు కొన్ని ‘గోధుమరంగు పెరిడాట్’ పేరుతో సేకరణల్లో ఉండేవి. గుణకాలు పెరిడాట్‌కి కొంచెం పైన, ద్వివక్రీభవనం దాదాపు సమానం, కాబట్టి చాలాకాలం ఎవరికీ అనుమానం రాలేదు. ఆ ఏడాది ఖనిజశాస్త్రజ్ఞులు క్లారింగ్‌బుల్, హే వాటిని సింహలైట్ అనే కొత్త ఖనిజంగా నిర్ధారించారు. సాంద్రత 3.48, పెరిడాట్‌కి 3.34. చీటీ మీద ‘పెరిడాట్’ అని మాత్రమే రాసుకున్నవాళ్లు ప్రతి రాయినీ మళ్లీ తూచుకోవాలి. 1.668, 1.707, 3.48 అని రాసుకున్నవాళ్లకి చీటీలు తిరగేస్తే సరిపోతుంది.